ప్రాణహిత గట్టున రైతెవరు, కూలి యెవరు?

సిరోంచ తాలూకాలో రెండు మూడెకరముల చెలక గల యొక సంసారి సంవత్సరమంతయు ఏయే పనులతో వెళ్లబుచ్చునో చూచినచో, సామ్యవాద పక్షములు నూరేండ్లకు పైబడి తమలో తాము కలహించుకొనిన ప్రశ్న యంతయు అతని బ్రతుకులోనే విడివడి కానవచ్చును. మృగశిర కార్తెలో అతడు పత్తిగింజ పెట్టును, లేదా వరినారు పోయును, అప్పుడతడు రైతు. పంట యింటికి చేరిన పిమ్మట మాఘ ఫాల్గుణములలో ఆలుబిడ్డలతో గోదావరి దాటి, ములుగు, భూపాలపల్లి, ఖమ్మము ప్రాంతముల మిరపతోటలలో కాయ యేరుటకు పోవును, అప్పుడతడు వలసకూలి. ఎండలు ముదిరిన వెంటనే తిరిగివచ్చి, తెల్లవారకమునుపే అడవిలో బడి తునికాకు కోసి, ఇంటిల్లిపాదియు కూర్చుండి కట్టలు కట్టి, సాయంకాలమునకు కల్లములో, గుత్తేదారు తరపున ఆకు లెక్కగొను కల్లేదారు నెదుట పరచి లెక్క యొప్పగించును. అప్పుడతడు బీడీ వ్యాపారమునకు కొసన నున్న పనివాడు. నడుమనడుమ వెదురు నరికినప్పుడు కాగితపు మిల్లుకును, కంకర మోసినప్పుడు రోడ్డు గుత్తేదారునకును అతడు కూలియే. ఒడలొక్కటే, చేతులు రెండే. యజమానులు మాత్రము ఋతువున కొకరు.

ఇతనిని రైతనవలెనా, శ్రామికుడనవలెనా యను మీమాంస పండితగోష్ఠికి వదలివేయదగినదే యైనచో నేనీ వ్యాసమునకు పూనుకొనకపోవుదును. కాని ఆ పేరు మీదనే పార్టీలు చీలినవి. విప్లవమున ముందు నడువవలసినవారెవరు, వెంట రావలసినవారెవరు అను తీర్మానములు వ్రాయబడినవి, కొట్టివేయబడినవి, మరల వ్రాయబడినవి. వాని ననుసరించి మనుష్యులు ఇండ్లు విడిచి అడవులకు పోయిరి, పలువురు తిరిగి రాలేదు. నా యభిప్రాయమును దాచక మొదటనే చెప్పెదను. ఈ సరిహద్దున ఎఱ్ఱజెండాలవారు సంపాదించిన మేలులో నిలిచినదంతయు ఇంచుమించుగా ఈ మనుష్యుని కూలిరేటు కొరకు వారు నిలిచిననాడు సంపాదించినదే; అతనిని రైతాంగసేనలోని భటునిగా లెక్కకట్టిననాడు వారును నష్టపడిరి, అతడును నష్టపడెను.

వర్ధా, వైన్‌గంగలు కలిసి ప్రాణహితయై దక్షిణమునకు ప్రవహించి, కాళేశ్వరమువద్ద గోదావరిలో కలియుచోట ఉత్తరపుగట్టున సిరోంచ యున్నది. గోదావరికి ఎడమవైపు తాలూకాలను 1860లో నిజాము బ్రిటిషువారి కప్పగించినది మొదలుకొని ఈ నది రెండు ప్రభుత్వములకు హద్దైనది. ఎగువ గోదావరి జిల్లా యనుపేర నొక జిల్లాయే యేర్పడి, సిరోంచ దానికి ముఖ్యపట్టణమై, 1874లో చాందా జిల్లాలో కలిసిపోవువరకు ఆ గౌరవము ననుభవించినది. ఇంటిలో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలో గోండీ, మాడియా. భూమి కాగితము పేరు సాత్‌బారా. 1982 ఆగస్టులో గడ్చిరోలి ప్రత్యేక జిల్లా యైనప్పటికిని, సిరోంచవారికి జిల్లాకేంద్రముకంటె చెన్నూరు, మంచిర్యాలలే దగ్గరగా తోచుటలో వింత యేమున్నది? తెలుగు కరపత్రమైనను, తెలుగు పాటయైనను ఈ గట్టునకు చేరుటకు తర్జుమా అక్కరలేకపోయినది. అందువలన తెలుగునాట రైతాంగమును గూర్చి నడచిన ప్రతి వాదమును, కొంత ఆలస్యముగానైనను, పడవ యెక్కి ఇచ్చటకు వచ్చినది.

ఆ వాదమునకు పుట్టినిల్లు రష్యా. 1874 వేసవిలో వేలకొలది యువతీయువకులు, గ్రామసమష్టియే సామ్యవాదమునకు బీజమని నమ్మి, పల్లెలకు తరలిపోయిరి. పల్లెవారిలో కొందరు వారిని పోలీసుల కప్పగించిరి. ఏడేండ్లకు వేరా జాసులిచ్ అను విప్లవకారిణి, గ్రామసమష్టి నశించియే తీరవలెనా యని మార్క్సునకు లేఖ వ్రాయగా, ఆయన పలుమారులు చిత్తుప్రతులు వ్రాసి దిద్ది, కడకొక చిన్న ప్రత్యుత్తరము పంపెను: తాను చెప్పిన చారిత్రకానివార్యత పశ్చిమ ఐరోపాకే పరిమితమనియు, రష్యా గ్రామసమష్టి నూతనసమాజమునకు ఆధారము కాగలదనియు దాని తాత్పర్యము. కార్మికవర్గమునే నమ్ముకొనిన జాసులిచ్ మిత్రబృందము ఆ లేఖను ప్రకటింపక యుంచినది. అది లోకము కంటబడుటకు నలుబదేండ్లకు పైగా పట్టెను. ఆచార్యుని మాట శిష్యుల మతమునకు సరిపడనప్పుడు ఇట్లు పెట్టె యడుగునకు పోవుట వింతగాదు. 1917లో లెనిన్ భూమిశాసనము ప్రకటించునాటికి, తాను చిరకాలము ఖండించిన సోషలిస్టు రివల్యూషనరీల కోర్కెలనే, గ్రామములనుండి వచ్చిన వినతుల రూపముననే, అందు చేర్చవలసివచ్చెను. 1927లో మావో హునాన్ రాష్ట్రపు రైతుల లేమిని, రోషమును కండ్లార చూచి వ్రాసిన నివేదిక ఈ తక్కెడను మరియొకవైపునకు వంచినది. అది మొదలు ప్రపంచమున కమ్యూనిస్టులందరును రష్యా మార్గమా, చైనా మార్గమా యని ప్రశ్నించుకొనసాగిరి.

తెలుగువారు ఈ ప్రశ్నకు క్రొత్తవారు కారు. నిడుబ్రోలులో రైతు విద్యాలయమును నెలకొల్పిన ఆచార్య రంగా, 1936 ఏప్రిలులో లక్నోలో స్వామి సహజానందుని యధ్యక్షతన అఖిలభారత కిసాన్ సభ పుట్టినప్పుడు దానికి ప్రధానకార్యదర్శి. ఆయన దృష్టిలో రైతులందరును ఒక్క సంఘము. వారికి విరోధులు జమీందారును, పట్టణపు ధనికుడును. అదే కాలమున నెల్లూరు మండలములోని అలగానిపాడులో, స్వయముగా భూస్వామి యింటి బిడ్డయైన పుచ్చలపల్లి సుందరయ్య, తన యూరి పాలేర్లను కూడగట్టి కూలి పెంపును గూర్చి మాటలాడెను. రైతును ఒక్కటిగా చూచుటయా, ధనికరైతు, మధ్యతరగతి రైతు, పేదరైతు, కూలి యని విడదీసి చూచుటయా యను నీ రెండు చూపులు కొంతకాలము ఒకే సభలో ప్రక్కప్రక్కన కూర్చుండి, పిదప తెగదెంపులు చేసికొనెను. రంగాగారు 1959లో స్వతంత్ర పార్టీ స్థాపకులలో నొకరగుట ఆయన వాదమునకు సహజమైన పర్యవసానమే; కాని గ్రామమున భూమి గలవానికిని లేనివానికిని నడుమ గల కలహమును కమ్యూనిస్టులు తీర్చగలిగిరా యనినచో, అంత నిబ్బరముగా ఔనని చెప్పలేము.

తెలంగాణ సాయుధపోరాటముననే దానికి నిదర్శనమున్నది. వెట్టికిని, దొరల భూదాహమునకును ఎదురుగా 1946లో లేచిన ఆ పోరాటము భూపంపకమునకు దిగినప్పుడు, ఎంత భూమి గలవాని మిగులును పంచవలెనను ప్రశ్న తలయెత్తెను. మొదట 500 ఎకరములను హద్దుగా పెట్టిరి. కూలీలు, పేదరైతులు ముందునకు వచ్చిన కొలదియు అది దిగుచు దిగుచు మెట్ట 100, మాగాణి 10 ఎకరములవద్దకు చేరెను. సంఘములో పెద్దరైతు లుండిరి, వారు త్యాగములును చేసిరి. అయినను ఆ 500 అను సంఖ్యను మొదట ఎవరి కన్నులతో చూచి నిర్ణయించిరో గ్రహించుట కష్టము కాదు.

సరిగా ఆ దినములలోనే పార్టీలోపల వాదము రగులుకొనెను. 1948 ఆరంభమున కలకత్తా మహాసభలో ప్రధానకార్యదర్శియైన బి.టి. రణదివే, పట్టణ కార్మికుల సార్వత్రిక సమ్మెలే విప్లవమునకు ద్వారమని భావించెను. ఆ వేసవిలో ఆంధ్ర కార్యదర్శివర్గము పంపిన పత్రము, మన విప్లవము చైనాను పోలినదనియు, దీర్ఘకాలపు రైతాంగయుద్ధమే దాని రూపమనియు, ధనికరైతును సైతము తటస్థునిగా నుంచవచ్చుననియు వాదించెను. రణదివే దీనిని ధనికరైతుల ప్రభావమని నిందించి, మావోనే బహిరంగముగా విమర్శించునంత దూరము పోయెను. ఆయన ఆశించిన 1949 మార్చి 9 నాటి రైల్వేసమ్మె జరుగకయే పోయెను. 1950 జనవరిలో కామిన్‌ఫాం పత్రిక చైనా మార్గమును మెచ్చుకొనుటతో ఆయన పదవి కదలి, ఆ స్థానము చండ్ర రాజేశ్వరరావుగారికి దక్కెను. ఈలోగా 1948 సెప్టెంబరులో భారతసైన్యము హైదరాబాదు చొచ్చినది. నిజాము పోయిన తరువాత తుపాకి యేల యని రావి నారాయణరెడ్డిగారి వంటివారు ప్రశ్నించిరి. దళములు మైదానములు విడిచి గోదావరి యడవులకు మరలినవి. 1951 ఆరంభమున అజయ్ ఘోష్, డాంగే, రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య మాస్కో కేగి స్టాలిన్‌తో మాటలాడిరి. చైనాకు వెనుక సోవియట్టు భూమి యుండెననియు, మీకు అట్టి ఆసరా లేదనియు, కార్మికులు కదలక రైతుల గెరిల్లాయుద్ధ మొక్కటియే చాలదనియు ఆయన చెప్పెను. ఆ యేటి అక్టోబరు 21న పోరాట విరమణ ప్రకటింపబడెను.

ఈ మూడేండ్ల పత్రములను చదువునప్పుడు నన్ను కలతపెట్టు విషయ మొకటి కలదు. రష్యానుండియు, చైనానుండియు ప్రమాణములు తెచ్చుటలో ఉభయపక్షములును సమర్థులే. కాని గోదావరి యడవిలో దళమునకు గంజి పోసి, అందుకు ఫలితముగా ఊరు ఊరే తగులబెట్టబడి శిబిరములకు తోలబడిన కోయవాడు ఆ చర్చలో ఏ వర్గమునకు చెందియుండెను? అతనికి పట్టాలేదు, పోడున్నది; మిల్లులేదు, కూపులో కూలి యున్నది. రణదివే లెక్కలో అతడు కార్మికుడు కాడు, ఆంధ్రవారి లెక్కలో చైనా రైతునకు ప్రతిరూపము. అతని నడిగి వ్రాసినట్లు ఒక్క వాక్యమును నాకు దొరకలేదు.

మహారాష్ట్రవైపున ఇట్టి గొడవకు పరిష్కారముగా పేరులోనే ఇరువురిని కలుపుకొని 1947లో శేత్కరీ కామ్‌గార్ పక్షము వెలసినది. శంకరరావు మోరే, కేశవరావు జేధే దానికి పెద్దలు. 1950లో దాభాడీ సమావేశమున అది మార్క్సిజము నంగీకరించినది గాని, దాని పట్టు పశ్చిమ, దక్షిణ మహారాష్ట్రలలోని మధ్యతరగతి రైతులలోనే మిగిలి, చాందా యడవులదాక రాలేదు. ఇచ్చటికి ముందుగా వచ్చినవారు నది కావలివారే.

నక్సల్బరీ తిరుగుబాటు తరువాత తెలుగునాట వాదము మరల మొదటికి వచ్చెను. కార్మికసంఘములను, బహిరంగ ప్రజాసంఘములను చారు మజుందార్ చిన్నచూపు చూడగా, తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వేంకటేశ్వరరావు, చండ్ర పుల్లారెడ్డి అందుకు సమ్మతింపక వేరు దారి పట్టిరి. శ్రీకాకుళము చారు మార్గమున నడచి రక్తసిక్తమైనది. కొండపల్లి సీతారామయ్య ఈ రెంటికిని నడుమ నొక దారి వెదకెను. విద్యార్థులను పల్లెలకు పంపెను, రైతుకూలీ సంఘములను పెట్టించెను. 1978 సెప్టెంబరు 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర దాని ఫలమే. 1980 ఏప్రిల్ 22న పీపుల్స్‌వార్ పార్టీ నేర్పరచి, కరీంనగరు, ఆదిలాబాదు పోరాటములకు వెనుకదన్నుగా అడవి కావలెనని తలచి, ఆ యేడే చిన్నచిన్న దళములను గోదావరి, ప్రాణహితలు దాటించెను. గడ్చిరోలికి వచ్చిన దళములో పెద్ది శంకర్ అను యువకుడుండెను. అతడు బెల్లంపల్లి బొగ్గుగనుల ప్రాంతపు దళితుడు. 1980 నవంబరు 2న సిరోంచ తాలూకా మోయబిన్‌పేటలో పోలీసు తూటాకు అతడు పడిపోయెను. ఈ జిల్లాలో ఆ పార్టీకి అదియే తొలి మరణము.

అతని తరువాత వచ్చినవారు అడవిలో చేసినపని యేమి? నేనిచ్చట కొంత సావకాశముగా చెప్పవలసియున్నది. తునికాకు పని ఏడాదిలో కొలదివారములే యుండును. చలి తగ్గగానే తునికిపొదలను కొట్టి యుంచినచో లేతచిగురు పెట్టును. ఆ యాకు ముదరకముందే కోయవలెను, తడిసినచో మచ్చపడును, ఎక్కువ యెండినచో విరుగును. నదికి దక్షిణమున 50 ఆకులు కట్ట, ఉత్తరమున 70. కట్టకు కొలదిపైసలు మాత్రము దొరకుచున్న ఆ కాలమున, కల్లేదారు నూటికి ఇన్నియని కొసరు పుచ్చుకొనుటయు, బాగులేవని కొన్నింటిని త్రోసివేసి, వానిని తరువాత తన లెక్కలోనే చేర్చుకొనుటయు కల్లమున నిత్యకృత్యములు. అడవి గార్డు వచ్చినచో కోడి, కల్లు, ఊరక చేయు చాకిరి. పోడు కొట్టినచో కేసు, కేసు లేకుండుటకు లంచము. దళములు కట్టరేటు పెంచువరకు ఆకు కోయవలదనిరి. ఆకు నిలువయుండు సరకు కాదు గనుక, రెండు వారములు పని యాగినచో గుత్తేదారు వేలములో పెట్టిన సొమ్మంతయు మంటగలియును. ఆ భయమే కూలివానికి బలమైనది. రేట్లు యేటేట పెరిగినవి. బల్లార్పూరు కాగితపు మిల్లుకు నరకు వెదురుకట్టకు ధర పెరిగినది. గార్డుల వెట్టి ఆగినది. 1984 ఫిబ్రవరిలో అహేరి తాలూకా కమలాపూరులో ఆదివాసి రైతుకూలీల మహాసభ తలపెట్టినప్పుడు ప్రభుత్వము బలగములను దింపి దానిని సాగనీయకపోవుటకు కారణము, అడవిలోని ఆ సమ్మెలు ఊరూర వేళ్లూనినవని దానికి తెలియుటయే.

దీనిని కార్మికసంఘపు పని యనక మరేమందుము? ఋతువును, సరకును, యజమాని బలహీనతను ఎరిగి, పని యాపి, రేటు కుదుర్చుకొనుట బొంబాయి మిల్లు కార్మికుడు చేసినదే. కాని పార్టీ సిద్ధాంతమున దీనికి దక్కిన స్థానము తక్కువ. ఇది ఆర్థికపోరాటము, మెట్లలో తొలిమెట్టు, అసలు గమ్యము గెరిల్లా మండలము, ఆపైన విముక్తిప్రాంతము. మెట్టును మెట్టుగానే చూచినందున దానిపై నిలుచుటకు వారు ప్రయత్నింపలేదు. అంతకంటె చేటు మరియొకటి జరిగినది. దళములు గుత్తేదారులనుండి చందా వసూలుచేయ నారంభించినవి. కూలిరేటును, పార్టీచందాయును ఒక్క సంచిలోనుండియే రావలసినప్పుడు, ఆ రెంటికిని పోటీ రాకతప్పునా? యజమానివద్ద సొమ్ము పుచ్చుకొను సంఘమును ప్రపంచమున ఏ కార్మికుడును తనదిగా భావింపడు. తుపాకి యున్నందున ఇచ్చట ఆ మాట పైకి యనుటకు ఎవరికిని వీలులేకపోయినది. ఇన్ఫార్మరను నింద మోపి చంపిన ప్రతి పేదవానితోను ఆ మౌనము మరింత గట్టిపడినది.

నది కావల సింగరేణిలో దీనికి ప్రతిబింబ మున్నది. 1981లో గనికార్మికులు 56 దినములు సమ్మె చేసిరి. సింగరేణి కార్మిక సమాఖ్య ఆ వేడిలోనే పుట్టెను. గనిలో దిగినవారు పరాయి లోకమువారు కారు. కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో దొరల బాధ పడలేక, లేక భూమి చాలక, బొగ్గుబావిని చేరిన రైతుకూలీల బిడ్డలే. గనియు, ఊరును ఒక్క కుటుంబములో కలిసియున్న అట్టిచోట కార్మికపక్షము, రైతుపక్షము అని వేర్వేరు లేకుండ నొక ఉద్యమమును కట్టుటకు దేశమున మరెక్కడను లేనంత యవకాశముండెను. ఐనను, రైతాంగయుద్ధమే ప్రధానమను సూత్రము ననుసరించి, గనులలో రాటుదేలిన యువకులు అడవిబాట పట్టిరి, గనిలోని సంఘము రహస్యమై, నిర్బంధమునకు లోనై, క్రమముగా క్షీణించెను. బొగ్గునేలనుండి వచ్చిన పెద్ది శంకర్ 1980లో ఇచ్చట మరణించెనని చెప్పియుంటిని. 2021 నవంబరు 13న గడ్చిరోలి యడవిలో జరిగిన పెద్ద ఎదురుకాల్పులలో మరణించిన మావోయిస్టు నాయకుడు మిలింద్ తేల్తుంబ్డే గూడ చంద్రపురము బొగ్గుగనులలో పనిచేసి, అచ్చట కార్మికసంఘమును నడపినవాడే. ఒకరికొకరు ఎరుగని ఆ యిద్దరును తమ తమ గనిప్రాంతములలోనే నిలిచియుండినచో ఏమగునో చెప్పజాలము. వారిని అడవికి పంపిన సిద్ధాంతమునకు మాత్రము ఆ గనిప్రాంతములలో వారు చేయుచుండిన పని చిన్నదిగా కనబడెను.

ఎదుటిపక్షమున తుపాకి పట్టినవారెవరు? 1990లో ఏర్పడిన సి-60 పోలీసుదళమునకు మనుష్యులను ఈ జిల్లాలోనే తీసికొనిరి. 2019 మే 1న జంభుల్‌ఖేడావద్ద మందుపాతర పేలి 15 మంది పోలీసులును, వారి వాహనచోదకుడును చనిపోయిరి. కార్మికుల పండుగదినమున, కార్మికుల పేరు చెప్పుకొను మావోయిస్టు పార్టీ, జీతమునకు పనిచేయువారిని చంపెను. దీనిని వర్గపోరాటమని సమర్థించు పండితుడు నాకు ఎదురైనచో వినుటకు నాకు ఓపిక లేదు.

ఇట్టిది తప్ప మార్గాంతరము లేకపోయెనా యనువారికి, గడ్చిరోలికి తూర్పున, అంత దూరము కాని దల్లీ రాజ్‌హరాను చూపుదును. భిలాయి ఉక్కు కర్మాగారమునకు ఇనుపరాయి తవ్వు ఒప్పంద కార్మికులను శంకర్ గుహా నియోగి 1977లో కూడగట్టెను. ఆ యేడు జూనులో జరిగిన కాల్పులలో 11 మంది చనిపోయిరి. నియోగి గూడ తొలుత నక్సలైటు ఉద్యమమునకు చెందినవాడే. గని పనివారును, చుట్టుప్రక్కల రైతులును ఒక్క మోర్చాలో చేరిరి; వారి జెండాలో ఎఱుపు కార్మికులది, ఆకుపచ్చ రైతులది. సారా మాన్పించిరి, సొంత చందాలతో ఆసుపత్రి కట్టించిరి, యంత్రములు వచ్చి పని పోవుచున్నదని గ్రహించి దానిమీదను పోరాడిరి. 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రించుచుండగా ఆయనను కాల్చి చంపిరి. ఎవరు నాయకత్వము వహింపవలెనను ప్రశ్నకు అతడు గ్రంథములలో వెదకక, గని షిఫ్టు ముగిసిన తరువాత ఆ కార్మికుడు పోవునది ఏ యూరికో చూచి జవాబు తెలిసికొనెను.

మరియొక ధార గాంధేయులది. తెలంగాణ తుపాకులు ఇంకను చల్లారని 1951 ఏప్రిల్ 18న వినోబా పోచంపల్లిలో హరిజనులకు భూమి యడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు 100 ఎకరములిచ్చిన కథ అందరెరిగినదే. దానములో వచ్చిన నేలలో చాలభాగము రాళ్లును, వ్యాజ్యములునై పోయినందున కమ్యూనిస్టులు ఆ యుద్యమమును పరిహసించిరి. వారి పరిహాసమున సత్యము లేకపోలేదు. ఐనను ఆ వృక్షమునకు పుట్టిన యొక కొమ్మ గడ్చిరోలి ఉత్తరభాగమున, ధనోరా తాలూకా మేంఢా గ్రామమున, అరువదేండ్లకు ఫలించుట నాకు ఆశ్చర్యమును కలిగించును. దేవాజీ తోఫా మొదలగు గోండు పెద్దలును, మోహన్ హీరాబాయి హీరాలాల్ అను సర్వోదయ కార్యకర్తయు చిరకాలము శ్రమింపగా, 2009లో ఆ గ్రామమునకు సుమారు 1,800 హెక్టార్ల యడవిపై సామూహికహక్కు దక్కెను. 2011లో వెదురును తామే అమ్ముకొను రవాణాచీట్ల యధికారము గ్రామసభకు వచ్చెను. 2013లో గ్రామస్థులు తమ సొంతపొలములను సైతము గ్రామదానశాసనము క్రింద గ్రామసభ కొప్పగించిరి. వెదురు నరకు కూలియు, దానిని అమ్ము యజమానియు అచ్చట ఒక్కరే. 1881లో జాసులిచ్ మిత్రులు దాచియుంచిన లేఖలోని యూహకు ఇంతకంటె దగ్గరైన దృష్టాంతమును నేనెరుగను. దానిని సాధించినవారు మార్క్సువాదులు కారు.

2025 అక్టోబరు మధ్యమున, మావోయిస్టు నాయకుడు, పెద్దపల్లివాడైన మల్లోజుల వేణుగోపాలరావు 60 మందితో గడ్చిరోలిలో ఆయుధములు విడిచెను. సాయుధపోరాటము నిలుపవలెనని ఆయనయు, కొనసాగింపవలెనని మరికొందరును ప్రకటనలు చేసికొనిరి. 1951 నాటి మాటలే కొన్ని మరల వినవచ్చినవి. తుపాకి మూగబోవుటకు నేను సంతసించుచున్నాను. కాని ఆ మౌనములో వినబడుచున్నది ఏటాపల్లి తాలూకా సూరజాగఢ్ గుట్టపై ఇనుపరాయి తవ్వు యంత్రముల చప్పుడు. మాడియాలకు ఆ గుట్ట దేవతాస్థానము. గ్రామసభలు గనిని వలదని తీర్మానించుచుండగా, అవే యూళ్ల పిల్లలు అదే గనిలో కాపలాకును, లారీలకును, యంత్రములకును జీతగాండ్రగుచున్నారు. పాత చెడ్డ యలవాటు చొప్పున నాయకులు చీలిపోవుట కిదియే సమయము: అడవిహక్కుల సంఘమువారు గని కార్మికుని ద్రోహి యనవచ్చును, కార్మికసంఘమువారు గ్రామసభను అభివృద్ధికి ఆటంకమనవచ్చును. తండ్రి గ్రామసభలోను, కొడుకు గేటు హాజరు పుస్తకములోను ఉన్న యింటిలో ఈ రెండు సంఘములకు వేర్వేరు చందా పుస్తకములెందుకో నాకు బోధపడదు.

సిరోంచకు వచ్చెదము. మేడిగడ్డ ఆనకట్టకు ఈవలి కొన ఈ తాలూకాలోని పోచంపల్లి; వినోబా పోచంపల్లి వేరు, ఇది వేరు. 85 గేట్లతో 2019 జూన్ 21న ప్రారంభమై, 2023 అక్టోబరులో స్తంభములు క్రుంగిన ఆ కట్టడము వెనుకనీరు 2022 వరదలలో ఇచ్చటి చేలను ముంచగా, రైతులు పరిహారము కొరకు నిరాహారదీక్షలకు కూర్చుండిరి. వారి కోరిక న్యాయమైనది. ఐనను పరిహారపు జాబితా సాత్‌బారాలోని పేరును పట్టి వ్రాయబడును. ఆ చేనిలో ఏటేట నాటువేసి, కలుపుతీసి పొట్టపోసికొను కూలికి ఆ కాగితమున పేరులేదు.

అతడు మరల గోదావరి దాటి మిరపతోటకు పోవును. చిక్కు అచ్చట మరింత ముదిరియున్నది. 2020 లాక్‌డౌనులో ములుగు జిల్లా పేరూరు మిరపతోటలనుండి నడచి బస్తరులోని తన యూరు చేరలేక త్రోవలో మరణించిన పండ్రెండేండ్ల బాలికను పాఠకులు మరచియుండరు. ఆమెకు కూలి యిచ్చిన తోటలవారు జమీందారులు కారు. అట్టివారిలో కౌలుకు భూమి పట్టి, విత్తనమునకును పురుగుమందునకును దుకాణమున అప్పుపడినవారు పెక్కురు. 2017 ఏప్రిలులో ధర కూలినప్పుడు ఖమ్మము మార్కెట్టులో ఆగ్రహించిన మిరపరైతులకు సంకెళ్లు వేసి కోర్టుకు తీసికొనిపోగా, ఎఱ్ఱజెండా పక్షములు సహజముగా వారి పక్షమున నిలిచినవి. మద్దతుధర యెంత కావలెనో చెప్పిన ఆ దినముల ప్రకటనలలో, కాయ యేరిన సిరోంచ, బస్తరు కూలికి ఎంత రావలెనో చెప్పినది నా కంటబడలేదు. రైతునకు ధర రాకున్నచో కూలికి రేటు పెరుగదు. కూలి రేటును తగ్గించి రైతు అప్పు తీరదు. ఈ యిరువురినడుమ న్యాయము చెప్పవలసినవాడు దుకాణపు షావుకారు కాకుండవలెననినచో, సంక్రాంతికి ముందే, కాయ పండకమునుపే, ఈ గట్టు గ్రామసభలును ఆ గట్టు రైతుసంఘములును కూర్చుండి, ఏరుడు రేటును, రాకపోకల బండి ఖర్చును, పిల్లలను తోటలోనికి తేకుండ బడిలో నుంచు ఏర్పాటును కాగితముమీద వ్రాసికొనవలెను. ఆ కాగితమున సంతకము చేయుటకు కమ్యూనిస్టు పార్టీలలో ఏది ముందు వచ్చునో చూడవలసియున్నది. ఇరుగట్టులందును వాటికి కార్యాలయములును, కార్యకర్తలును ఉన్నారు, నదిమీద ఇప్పుడు వంతెనయు ఉన్నది.